ఫ్లైషర్‌తో మార్చి నెల

మార్చి 4
నాట్ ఫ్లైషర్ మీద ఆదివారానికి వ్యాసం కావాలన్నారు. 1922లో న్యూయార్క్‌లో 'ది రింగ్' అనే బాక్సింగ్ పత్రిక మొదలుపెట్టి, 1972లో పోయేదాకా దాన్నే అంటిపెట్టుకున్న మనిషి. మూడు కాలమ్‌లలో ఎక్కడ పడతాడు?

మార్చి 6
లూయిస్టన్‌లో ముహమ్మద్ అలీ, లిస్టన్‌ల హెవీవెయిట్ టైటిల్ పోటీ ఫిల్మ్ మళ్ళీ చూశాను. 1965 మే. మొదటి రౌండ్‌లోనే లిస్టన్ వెల్లకిలా పడ్డాడు. అలీ మీదికొచ్చి లేవమని అరుస్తున్నాడు. రిఫరీ వాల్కాట్‌కి అలీని పక్కకి తోలడంతోనే సరిపోయింది, పడ్డవాడికి వేసే పది లెక్క చెవిన పడలేదు. లిస్టన్ లేచాడు. మళ్ళీ కొట్టుకోవడం కూడా మొదలైంది. అప్పుడు రింగు పక్క నుంచి ఫ్లైషర్ కేక, పది అయిపోయిందని. 77 ఏళ్ళ వయసులో! వాల్కాట్ పరుగున వెళ్ళి ఆపేశాడు. రాసుకోవడానికొచ్చిన మనిషి మాటతో ప్రపంచ టైటిల్ పోటీ ముగిసింది.
నేనైతే నోరు విప్పేవాణ్ణా?

మార్చి 9
ఒళ్ళు మండింది. 1966కి 'ది రింగ్' ఉత్తమ బాక్సర్ బిరుదు ఎవరికీ ఇవ్వలేదు. ఆ ఏడు అలీ 5 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. కుర్రకారుకి ఆదర్శం కాడట. పంచ్‌కి కాండక్ట్ సర్టిఫికెట్ ఏమిటి?

మార్చి 10
అదే ఫ్లైషర్. 1967లో సైన్యంలో చేరనన్నందుకు అలీ టైటిల్‌ని బాక్సింగ్ సంఘాలు లాగేసుకుంటే ఒప్పుకోలేదు. టైటిల్ పోతే రింగులోనే పోవాలని పట్టుబట్టాడు. 1970 దాకా 'ది రింగ్' లెక్కలో ఛాంపియన్ అలీయే.
నిన్నటి కోపం పోలేదు. కానీ...

మార్చి 13
'బ్లాక్ డైనమైట్', అయిదు సంపుటాలు. నల్లజాతి బాక్సర్ల చరిత్ర, 1938లో మొదలుపెట్టాడు. హెవీవెయిట్లలో జాక్ జాన్సన్‌ని మించినవాడు లేడన్నాడు. తన మొదటి పదిమందిలో అలీకి మాత్రం చోటివ్వలేదు. ఛాంపియన్ అని ఒప్పుకుంటూనే! ఇష్టం ఒక పుస్తకంలో, లెక్క ఇంకో పుస్తకంలో పెట్టుకున్నాడా?

మార్చి 15
ఫ్లైషర్ వేసిన బాక్సింగ్ రికార్డ్ బుక్ గురించే ఆలోచన. 1941 నుంచి మొదలు. తేదీ, ఊరు, ప్రత్యర్థి, ఎన్నో రౌండు. ఓడినవాడి పేరు లేకపోతే గెలిచినవాడి గెలుపుకి బరువేదీ? 2022లో ఇస్తాంబుల్‌లో మన నిఖత్ జరీన్ 5-0తో ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ గెలిచింది. అవతల నిలబడింది థాయ్‌లాండ్ అమ్మాయి జిట్‌పాంగ్ జుటామస్. నిఖత్ ఊరు నిజామాబాద్‌లో ఎందరికి గుర్తుంటుంది ఆ పేరు?

మార్చి 16
వ్యాసం పంపాను. చోటు చాలడం లేదు, 1966 సంగతి తీసేద్దామా అని డెస్క్ నుంచి ఫోన్. వద్దన్నాను. కావాలంటే ఫొటో తగ్గించుకోండి, 66 ఉండాలి, 67 ఉండాలి, పక్కపక్కనే ఉండాలి అన్నాను.