జహీరాబాదు చేలలో ఒక పూట

గడచిన వానకాలమున, వినాయక చవితికి రెండు దినములు ముందుగా, మేమును మా ఆడబిడ్డయు హైదరాబాదునుండి జహీరాబాదు ప్రాంతమునకు పోయితిమి. పట్టణమునకు పడమరగా సుమారు 100 కిలోమీటరుల దూరము. పూర్వము మా యింట పనిచేసిన యొకామె పుట్టినిల్లు అచ్చట నొక చిన్నపల్లెలో నున్నది. ఆమె తల్లి యింత వయసునను రెండెకరముల చెలక తానే సాగుచేసికొనుచున్నదని విని, చూడవలెనని మాకు చాలకాలమునుండి కోరిక. పెద్దావిడ యింటికి వట్టిచేతులతో పోరాదని, బస్సెక్కుటకు ముందు అంగడిలో రెండు క్యాబేజీలును, కొంత టమాటాయు కొని సంచిలో వేసికొంటిమి.

ఆ సంచిని చూచి అవ్వ పకపక నవ్వినది. “వానకాలంల కూరలు కొనుక్కొచ్చిన్రా బిడ్డా?” అన్నది. ఆ నవ్వునకు కారణము చేనికి పోయినగాని మాకు తెలియలేదు.

చేనిలో జొన్న మా తలలకు మించి యెదిగియున్నది. కొన్ని సాళ్ల జొన్నకు నడుమ నొక సాలు కంది. వానిక్రింద పెసర, మినుము, బొబ్బర, అనుములు, గట్టువెంబడి పుంటికూర. ఒక మూలను కొఱ్ఱ కంకులు వంగి కోతకు సిద్ధముగా నున్నవి. వానలు వెనుదీసిన నొకటి పోవును, ఒకటి నిలుచును. ఇల్లు మాత్రము పస్తుండదు. పప్పుజాతి మొక్కల వేళ్లు నేలకు నత్రజనిని సమకూర్చుటచేత జొన్నకు బయటి యెరువుతో నంతగా పనిలేదు.

మా ఆడబిడ్డ కృష్ణాతీరమున రైతుబిడ్డ. ఊరకుండజాలక, సాళ్లనడుమ పెరిగిన లేత గునుగుమొక్కలను నాలుగింటిని పెఱికి గట్టుమీదికి విసరివేసినది. అవ్వ గబగబ పోయి, వాని నేరి మన్ను దులిపి, ఒడిలో వేసికొన్నది. “గది కలుపు గాదు బిడ్డా, కూర” అన్నది. పాపము, మా ఆడబిడ్డ మొగము చిన్నబోయినది. మేము మాత్రము తెలిసినవారమా? మఱి యేది కూరయో చూపుమని యామె వెంట నడచితిమి.

అరగంటలో నామె యొడి నిండినది. తుమ్మి, దొగ్గలి, గంగవాయిలి, పొన్నగంటి, జొన్నచెంచలి, గునుగు. వీనిలో నొక్కటియు విత్తినది కాదు. నీరు పెట్టినది కాదు. తొలివానలకు మొలచి, ఒకదానివెంట నొకటి లేతపడుచు, వానకాలమంతయు చేనిలోనే కూరలంగడి నడపుచుండును. తుమ్మికూర వినాయక చవితినాడు తప్పక వండవలెనని ఈ ప్రాంతపు ఆచారము. గునుగును లేతగా నున్నప్పుడు తిందురు. ముదిరి పూసినదానిని వదలుదురు. ఆ పూవే తంగేడుతో గూడ బతుకమ్మలో పేర్చబడును.

మధ్యాహ్నము అవ్వ జొన్నపిండిని వేడినీళ్లతో కలిపి, చేతులతో తట్టి రొట్టెలు కాల్చినది. కూరాకును పెసరపప్పుతో నుడికించి, వెల్లుల్లి, ఎండుమిరపలతో పోపు వేసినది. గంగవాయిలి తానే కొంచెము పులుపు గనుక చింతపండు వేయనేలేదు. మేము చెప్పుట యేల, మూడు రొట్టెలు తింటిమి.

మన దేశమున 15 మొదలు 49 ఏండ్లవరకు వయసుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నదని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చినది. ఆకుకూరలలో ఇనుము గలదు. అయితే దానిని దేహము సులభముగా గ్రహింపదు. భోజనములో నిమ్మరసము పిండుకొన్న గ్రహించును, భోజనము వెంటనే టీ త్రాగిన తగ్గును. ఆకుకూర యొక్కటియే రక్తహీనతకు మందని మేమనుట లేదు. వైద్యులిచ్చు మాత్రలు మానరాదు. కాని దినమును కొనకుండ దొరకు కూర పేదయింటికి చిన్న సంగతియా?

ఈ కూరకు మఱియొక మర్యాద గలదు. చేను ఎవరిదైనను కలుపుకూరను కోసికొనిన వెల యడుగరట. సెంటు నేల లేని కూలిస్త్రీయు పగలు కలుపు తీసి, సాయంకాలము కూలిడబ్బులు కొంగున ముడిచి, కూరాకు ఒడిలో వేసికొని యింటికి పోవును.

అవ్వ చేనికి ప్రక్కనే పత్తిచేను. అచ్చట కలుపుమందు చల్లినారు. సాళ్లనడుమ నేల నున్నగా, ఒక్క పచ్చని యాకు లేకుండ నున్నది. చూచుటకు శుభ్రముగనే యుండెను. ఆ చేనిలో కూలిస్త్రీకి కలుపుకూలియు పోయినది, కూరయు పోయినది. మందు చల్లిన పొలము గట్టున ఆకు గిల్లవలదని అవ్వ మాకు గట్టిగా చెప్పినది.

జొన్న తినువారు తగ్గుటకు పత్తి యొక్కటియే కారణము కాదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినప్పటినుండి మెట్టయూళ్లలోను వరియన్నమే మర్యాదయైనది. ఆ బియ్యము ఆకలి తీర్చినమాట నిజము. దానిని నిందింప మాకు నోరు రాదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన పిమ్మట పట్టణములలో కొఱ్ఱలకు గిరాకి పెరిగినది. కలుపుకూరకు మాత్రమట్టి సంవత్సరమేదియు రాలేదు.

సాయంకాలము బస్సుకొఱకు నిలిచియుండగా అవ్వ మనసులోని మాట బయటపెట్టినది. కొడుకు వచ్చే యేడు ఈ రెండెకరములును పత్తి వేయుదుననుచున్నాడట. మనుమరాలి కాలేజీ ఫీజు కట్టవలెను గదా! “వాని మాట గూడ నిజమే బిడ్డా” అని యూరకుండినది. మేమేమి చెప్పగలము? ఒక్క యెకరమైన నుంచుమని మా ఆడబిడ్డ యన్నది. అవ్వ తల యూపినది గాని, సరే యనలేదు.

చవితినాడు మా యింట తుమ్మికూర వండితిమి. మెదకులో పుట్టిపెరిగిన మా అత్తగారు మొదటి ముద్దతోనే గుర్తుపట్టి, పెండ్లియైన పిమ్మట నిది తినలేదని చెప్పి, మాఱు వడ్డించుకొనిరి. మిగిలిన గంగవాయిలి కాడలను కుండీలో గ్రుచ్చితిమి, చిగిర్చినవి. వచ్చే వానకాలము అవ్వ చేనిలో నేమి వేసిరో పోయి చూడవలెను.