పలుగురాయికి తెలిసిన పరిమళం

2021 వేసవిలో కరోనా జ్వరం తగ్గిందిగాని, నా ముక్కుకు వాసన తెలియడం మానేసింది. హుగ్లీ నది పడమటి గట్టున, షాలిమార్ రైల్వే స్టేషనుకు చేరువలో మా ఇల్లు. శ్రీకాకుళం జిల్లానుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మా తండ్రిగారు నాకు అలవాటు చేసిపోయినది డార్జిలింగ్ తేనీరు. కప్పు పెదవికి తాకకముందే ఆయన దాని మంచిచెడ్డలు చెప్పేవారు. ఇప్పుడు అదే తేనీరు నాకు వట్టి వేడినీరైంది.

అంతవరకైతే సరిపెట్టుకునేవాణ్ణి. ఒక సాయంకాలం పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. నేను పక్కగదిలోనే కూర్చుని చదువుకుంటున్నాను. బజారునుంచి వచ్చిన నా భార్య గుమ్మంలోనే, "ఇల్లంతా గ్యాసు వాసన! మీకు తెలియడం లేదా?" అని కేక వేసి, పరుగున వెళ్ళి సిలిండరు కట్టి కిటికీలు తెరిచింది. ఆమె మరికొంత ఆలస్యంగా వచ్చివుంటే, చీకటి పడిందని నేను దీపం స్విచ్చి నొక్కివుండేవాణ్ణి. వంటగ్యాసుకు స్వతహాగా చెప్పుకోదగ్గ వాసన లేదు. ప్రమాదం తెలియాలనే దానికి దుర్గంధం గల గంధక పదార్థం కలుపుతారు. ఆ హెచ్చరిక నాదాకా చేరలేదు.

ఆ భయంతోనే, వాసనను పసిగట్టే యంత్రాలను గురించి తెలుసుకోసాగాను. ఈ మహానగరంలోనే జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం, సి-డాక్ సంస్థల పరిశోధకులు తేయాకు పరిమళాన్ని స్ఫటికాలతో గుర్తించే ప్రయత్నం చేశారని తెలిసి ఆశ్చర్యపోయాను. ఈ స్ఫటికం మన పలుగురాయి జాతిదే. పరికరాలకు మాత్రం కర్మాగారంలో పెంచిన శుద్ధ స్ఫటికాన్ని వాడతారు.

స్ఫటికాన్ని నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ సోదరులు కనుగొన్నారు. విద్యుత్తును ప్రయోగిస్తే స్ఫటికం కదులుతుంది కూడా. మన చేతిగడియారంలోని స్ఫటికం సెకనుకు 32,768 మార్లు కంపిస్తుంది. వాసనలు పట్టే పలుచని బిళ్ళ సెకనుకు కోటిమార్లు కంపించగలదు. అప్పుడు దాని మందం మిల్లీమీటరులో ఆరవ వంతు మాత్రమే. బిళ్ళమీద ఏదైనా సన్నని పొరగా చేరితే, ఆ బరువుకు తగినట్లు కంపనాలు తగ్గుతాయని 1959లో జర్మన్ శాస్త్రజ్ఞుడు సావర్‌బ్రే సూత్రీకరించాడు. సెకనుకు ఒక్క కంపనం తగ్గిందంటే, చదరపు సెంటీమీటరుకు సుమారు 4.4 నానోగ్రాముల బరువు చేరిందన్నమాట. నానోగ్రామంటే గ్రాములో వందకోట్లవ వంతు! వాసన అంటే గాలిలో తేలివచ్చే పదార్థమే కనుక దానికీ బరువుంది.

అయితే బరువు తెలిసినంతమాత్రాన వస్తువు తెలియదు కదా! అందుకు ఉపాయం పూత. కోరిన వాయువును ఆకర్షించే పదార్థాన్ని బిళ్ళకు పూసే పద్ధతిని 1964లో అమెరికాలో కింగ్ అనే శాస్త్రజ్ఞుడు చూపాడు. తేయాకు సువాసనలో ముఖ్యమైన లినలూల్, జెరానియాల్ వంటివాటిని పట్టే పూతలు అలా వచ్చాయి. పట్టుకున్న అణువులు శుభ్రమైన గాలి తగిలితే వదిలిపోయి, కంపనం మళ్ళీ యథాస్థితికి వస్తుంది. కాని బంగాళపు వానకాలపు తేమ కూడా బిళ్ళమీద చేరి మోసం చేయగలదు. అందుచేత వేర్వేరు పూతలున్న బిళ్ళలను కొన్నింటిని కలిపి ఉంచి, అన్నీ ఇచ్చిన సాక్ష్యాన్ని పోల్చి చూస్తారు.

మా వంటింట్లో బిగించిన గ్యాసు గంట స్ఫటికంతో పనిచేసేది కాదు. అది వేడెక్కిన లోహపు ఆక్సైడుతో పనిచేస్తుంది. అయినా వాసనకు బరువుందని తెలిసిన తరువాత, నేను పోగొట్టుకున్నదేమిటో నాకు మరింత స్పష్టంగా తెలిసివచ్చింది. కోటి కంపనాల బిళ్ళ చేసే పనిని, దానికంటే ఎంతో నేర్పుగా, నా ముక్కు ఇన్నేళ్ళూ అడగకుండానే చేసిపెట్టింది.

ఎనిమిది నెలల తరువాత ఒక ఉదయం కప్పులోనుంచి సన్నగా పూలవాసన వచ్చింది. తాగకుండా చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను. మా తండ్రిగారిలా తేనీటి తరగతి చెప్పగల నేర్పు నాకింకా రాలేదు. వంటింటి గంటను మాత్రం తీయలేదు.