తిరుచ్చులిలో పది గజాలు

అరుప్పుక్కోట్టైలో బస్సెక్కితే అరగంట దాటాక తిరుచ్చులి వస్తుంది. దారి పొడుగునా నల్లరేగడి చేలు, తుమ్మచెట్లు. అటు విరుదునగర్ నుంచి ఇటు కోవిల్పట్టి దాకా ఈ కరిసల్ సీమలో చాలా ఊళ్ళలో తెలుగు వినబడుతుంది. కి. రాజనారాయణన్ గారు 'గోపల్ల గ్రామం'లో రాసిన వలస మావంటి వాళ్ళదే. చదవడం, రాయడం బడిలో తమిళమే అయినా ఇంట్లో మాట మాత్రం తెలుగు.

పోయిన జులైలో మా చెల్లెలు కొడుకును నా దగ్గరికి పంపింది. టెక్సాస్‌లో పుట్టిన పద్నాలుగేళ్ళ కుర్రాడు. నన్ను "మామా" అని పిలుస్తాడు. ఆ మాట తప్ప తక్కినదంతా ఇంగ్లీషే. వచ్చిన రోజు నుంచీ లాప్‌టాప్ ముందు కూర్చుని 'మ్యాడెన్' అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆట. వాణ్ణి కసరడానికే వెళ్ళి పక్కన కూర్చున్నాను. లేచేసరికి రాత్రి పదకొండయింది.

నాబోటి బ్యాంకు ఉద్యోగికి ఆ ఆట చిటికెలో అర్థమైంది. నాలుగు వాయిదాల్లో పది గజాలు కట్టాలి. కడితే మళ్ళీ నాలుగు వాయిదాలు ఇస్తారు. కట్టలేకపోతే బంతి అవతలి వాళ్ళకు జప్తు! వంద గజాల మైదానం అలా దాటి, చివరి గీత అవతలికి బంతి చేరిస్తే ఆరు పాయింట్లు.

ఆటంతా పరుగే అనుకున్నాను గానీ సగం ఆలోచనే. ప్రతి ఎత్తుకూ ముందు ఆట ఆగుతుంది. ఎవడు ఎటు పరుగెత్తాలో చూపే బొమ్మల్లోంచి ఒకటి ఎంచుకోవాలి. మీట నొక్కగానే బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికొస్తుంది. ఎదురుగా మనవాళ్ళు అయిదుగురు గోడ కడతారు. ఆ గోడ నిలిచేది మహా అయితే మూడు సెకన్లు. ఈలోగా దూరంగా పరుగెత్తే మనవాళ్ళ తలల మీద కనిపించే అక్షరాల్లో ఒకటి నొక్కాలి. తేలిగ్గా నొక్కితే బంతి విల్లులా పైకి లేచి దిగుతుంది, నొక్కి పట్టుకుంటే బాణంలా పోతుంది. మొదటి రాత్రి నేను విసిరిన వాటిలో మూడు తిన్నగా శత్రువుల చేతుల్లోనే పడ్డాయి. వెనకనుంచి ఎవడో వచ్చి మనవాణ్ణి పడేస్తే చేతిలోని కంట్రోలర్ గుర్రుమని వణుకుతుంది. నా గుండె కూడా వణికిందంటే నమ్మండి.

ఈ ఆట మొదట 1988లో ఆపిల్ కంప్యూటర్ మీద వచ్చింది. అప్పటి యంత్రాల శక్తి చాలదని తయారుచేసేవాళ్ళు మనుషుల్ని తగ్గిద్దామన్నారట. పేరు ఇచ్చిన కోచ్ జాన్ మ్యాడెన్ మాత్రం, పక్షానికి పదకొండు మంది లేకపోతే అది ఫుట్‌బాలే కాదని పట్టుబట్టాడు. ఆయన 2021లో పోయాడు. ఆట ఇంకా ఏటేటా వస్తూనే ఉంది.

"నువ్వు నిజం ఆట ఎందుకు ఆడవురా?" అని అడిగాను. వాడు తెర మీంచి కళ్ళు తిప్పకుండానే చెప్పాడు. బడి జట్టులో చేరతానంటే అమ్మ ఒప్పుకోలేదట. తప్పేముంది? తలకు మళ్ళీ మళ్ళీ దెబ్బలు తగిలిన ఆటగాళ్ళ మెదడు ఎలా దెబ్బతింటుందో 2005 నుంచీ డాక్టర్లు రాస్తూనే ఉన్నారు. "దీంట్లో ఎంత గట్టిగా కొట్టినా నాకేం కాదు మామా. అదే బోర్" అన్నాడు వాడు.

ఆ ఆదివారం వాణ్ణి తిరుచ్చులి తీసుకెళ్ళాను. చుళి అంటే మన సుడే. ప్రళయ జలాలను శివుడు త్రిశూలంతో భూమిలోకి సుడి తిప్పి పంపాడని స్థలపురాణం. సుందరమూర్తి నాయనారు పాడిన క్షేత్రం. భూమినాథుణ్ణి, సహాయవల్లి అమ్మవారిని దర్శించుకుని దగ్గర్లోని సుందర మందిరానికి వెళ్ళాం. 1879 డిసెంబరు 30న, ఆరుద్రా దర్శనం నాడు, రమణ మహర్షి పుట్టిన ఇల్లు అది. అప్పటి పేరు వెంకటరామన్.

వేదాంతం చెబితే వాడు వినడని ఆటల సంగతి ఎత్తుకున్నాను. చిన్నప్పుడు ఆయనకు చదువుకన్నా ఫుట్‌బాలు, కుస్తీ, ఈత ఇష్టం. ఆయన ఉన్న పక్షమే గెలుస్తుందని 'తంగకై', అంటే బంగారు చెయ్యి, అనేవారు. నిద్రపోతే ఒళ్ళు తెలిసేది కాదు. మెలకువగా ఉన్నప్పుడు ఎదిరించలేని పిల్లలు నిద్రలో ఎత్తుకెళ్ళి, కొట్టి, మళ్ళీ తెచ్చి పడుకోబెట్టేవారట!

"నొప్పి తెలియలేదా?" అన్నాడు మావాడు.

"తెల్లారి వాళ్ళు చెబితేనే తెలిసేదట."

వాడు ఆలోచనలో పడ్డాడు.

సాయంత్రం గుండారు ఒడ్డుకు వెళ్ళాం. ఏట్లో నీళ్ళు లేవు, అంతా ఇసుక. అక్కడ కుర్రాళ్ళు చెడుగుడు ఆడుతున్నారు. ఒకడు తక్కువయ్యాడో ఏమో, మావాణ్ణి చెయ్యి ఊపి పిలిచారు. వాడు నా మొహం చూశాడు. "వాడికి దెబ్బ తగలనివ్వకు అన్నయ్యా" అన్న చెల్లెలి మాట నా చెవిలో ఉంది. ఇసుకను చూశాను. వాడి కళ్ళనూ చూశాను.

"వెళ్ళు" అన్నాను.

మొదటి కూతకే నలుగురు మీద పడ్డారు. నేను పరుగెత్తబోయి ఆగాను. వాడు నోట్లో ఇసుక ఉమ్ముతూ, నవ్వుతూ లేచాడు. మళ్ళీ వెళ్ళినప్పుడు తొందరపడలేదు. గీత దాటి నిలబడి ఎవడు ఎటు కదులుతాడో చూశాడు. ఒకణ్ణి తాకి వెనక్కి దూకాడు. కాలు దొరికిపోయింది. బోర్లా పడి చెయ్యి చాచాడు. మధ్యగీతకు జానెడు ఇవతల కూత ఆగింది.

మోకాలు చీరుకుపోయింది. అవతలి పక్షం వాడే చెయ్యిచ్చి లేపాడు. ఇద్దరికీ ఒక భాష లేదు, భుజాలు మాత్రం చరుచుకున్నారు.

రాత్రి చెల్లెలికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను. అటు కాసేపు మాట లేదు.

"ఏడ్చాడా?" అంది చివరికి.

"లేదమ్మా, నవ్వాడు."

మళ్ళీ కాసేపు ఆగి, "సరే, పసుపు రాయి అన్నయ్యా" అంది.

పక్కగదిలో మావాడు మ్యాడెన్ ఆడుతున్నాడు. తెరమీద వాడి మనిషి దబ్బున పడ్డప్పుడల్లా వీడి చెయ్యి మోకాలి మీదికి వెళుతోంది.