పొద్దుటి కొండ, మాపటి గుడి

అంకోర్‌వాట్ పడమర ముఖంగా కట్టిన గుడి. తెల్లవారుజామున అంతమంది దాని ముందున్న కొలను గట్టున చేరేది అందుకే. పొద్దు శిఖరాల వెనకనుంచి పైకొస్తుంది, వాటి నల్లటి నీడ నీళ్లలో పడుతుంది. చెక్కడం చూడాలనుకుంటే మాత్రం ఎండ పడమటికి తిరిగాక రావాలి. అప్పుడు గుడి ముఖం వెలిగి, రాతిలోని ప్రతి గీతా పైకి తేలుతుంది. గుడి ఎటు చూస్తోందో తెలిస్తే ఏ పూట వెళ్లాలో తెలుస్తుందని నాకు కంబోడియాలో అర్థమైంది. ఆ కన్నుతో మన పల్నాడును ఒకసారి చూడాలనిపించింది.

ఈ ఫిబ్రవరిలో వినుకొండ వెళ్లాను. మిరప సాగుచేసే మా అన్నయ్య తోడొచ్చాడు. చీకటి విడవకముందే రామలింగేశ్వరుడి కొండ మెట్లెక్కడం మొదలుపెట్టాం. ఇక్కడి లింగాన్ని రాముడే ప్రతిష్ఠించాడని ఊళ్లో అంటారు. తొలి ఏకాదశి తిరునాళ్లకు ఈ దారి జనంతో నిండిపోతుంది. మామూలు రోజు కావడంతో దారి పొడుగునా మేమే ఉన్నాం.

పైనుంచి చూస్తే ఇక్కడ కోట ఎందుకు కట్టారో ఎవరూ చెప్పనక్కర్లేదు. తూర్పున కంటికి ఆనినంత మేరా చదును నేల, పడమట నల్లమల. 1515లో కొండవీడు లొంగకముందు కృష్ణదేవరాయలు గజపతుల చేతినుంచి తీసుకున్న దుర్గాల్లో అద్దంకి, బెల్లంకొండలతో పాటు వినుకొండ కూడా ఉంది. పొద్దు పొడిచాక కింద కల్లాల్లో మనుషులు కదలడం మొదలైంది. "రాత్రి మంచు పడితే కాయ రంగు చెడుద్దిరా, అందుకే పట్టలు కప్పేది" అన్నాడు అన్నయ్య. ఒక్కొక్క పట్టా లాగుతుంటే కింద ఎరుపు బయటపడుతోంది. వినుకొండ తెల్లవారడం చూడాలంటే మిరప కోతల కాలంలోనే రావాలి.

అంకోర్ దగ్గర ఫ్నోం బాఖెంగ్ అని ఒక కొండ ఉంది. 900 ప్రాంతంలో యశోవర్మ దాని నెత్తిన శివలింగం నిలిపి, చుట్టూ 108 చిన్న శిఖరాలు కట్టించి, ఆ కొండ చుట్టూ రాజధాని వెలయించాడు. ఇప్పుడు అక్కడ సూర్యాస్తమయం చూడ్డానికి ఒకసారికి 300 మందినే పైకి వదులుతారు, మిగిలినవాళ్లు వరసలో నిలబడాలి. నెత్తిన శివుడు, పాదాల దగ్గర ఊరు, ఆ అమరిక వినుకొండలోనూ ఉంది.

ఈ ఊళ్లోనే 1895లో గుర్రం జాషువా పుట్టాడు. 1941లో వచ్చిన ఆయన 'గబ్బిలం'లో గుడి గడప తొక్కనివ్వని మనిషి తన గోడు కాశీ శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గబ్బిలం గర్భగుడిలోకి వెళ్లగలదు, ఆ మనిషి వెళ్లలేడు. శివుడి కొండ మీద, జాషువా ఊరికి పైన నిలబడి గుడి అందం గురించి మాత్రమే మాట్లాడి దిగిపోవడం నాకు సాధ్యం కాలేదు. పాతగుళ్ల గురించి రాసేవాళ్లు వాటి గడప దాటలేకపోయినవాళ్ల గురించి కూడా రాయాలి.

ఎండెక్కాక నరసరావుపేట మీదుగా చేజెర్లకు బయల్దేరాం. నెకరికల్లు మండలంలో చిన్న ఊరు అది. దారికి అటూ ఇటూ ఏరిన పత్తి కట్టె, మిరప చేలు. అక్కడి కపోతేశ్వరాలయం అంకోర్‌వాట్ కన్నా ఏడెనిమిది వందల ఏళ్లు పాతది. ఆనందగోత్రపు రాజులు ఈ సీమను ఏలిన కాలపు గుడి. ఇటుకలతో కట్టి గార పూసిన ఈ కట్టడం మొదట బౌద్ధ చైత్యమనీ, తర్వాత శివాలయమైందనీ పండితులు చెబుతారు. అంకోర్‌వాట్‌ది తిరుగు ప్రయాణం. రెండో సూర్యవర్మ విష్ణువుకు కట్టించింది పోను పోను బౌద్ధుల ఆరామమైంది.

గుడి వెనక భాగం చదునుగా ఉండదు, గుండ్రంగా తిరిగిపోతుంది. పైన కప్పు ఏనుగు వీపులా వంగి ఉంటుంది, గజపృష్ఠమని పిలిచేది దీన్నే. నాగార్జునకొండలో ఇలాంటి చైత్యాలు చాలా కట్టారు, కానీ వాటిలో మిగిలినవి పునాదులే. ఆ పునాదుల మీద కప్పు ఎలా లేచేదో కళ్లారా చూడాలంటే చేజెర్ల రావాలి, లేదా మహారాష్ట్రలోని తేర్ వెళ్లాలి. ఇంత అరుదైన కట్టడం మన ఇంటి పక్కనుంటే, మన పిల్లల్లో ఎంతమందికి దీని పేరు తెలుసు?

పూజారిగారు శిబి చక్రవర్తి కథ చెప్పారు. పావురం కోసం తన ఒళ్లు కోసి ఇచ్చిన శిబి దేహమే ఇక్కడ లింగమైందట. లింగం నెత్తిన రంధ్రాలుంటాయి. శిబి కథ బౌద్ధుల జాతకాల్లోనూ ఉంది. గుడి చేతులు మారినా కథ మారకుండా ఇక్కడే ఉండిపోయిందేమోనని నా ఊహ.

"సాయంత్రం దాకా ఉంటారా బాబూ? వచ్చినవాళ్లంతా దండం పెట్టుకుని పది నిమిషాల్లో వెళ్తారు" అన్నారాయన. ఉంటామన్నాం. ఈ గుడి తూర్పు ముఖం. పొద్దున వస్తే ముందరి గూడు ఆకారపు కమానుకు వెలుగు. కానీ ఇక్కడి విశేషమంతా వీపున ఉంది, వీపుకు వెలుగు సాయంత్రమే. నాలుగున్నర దాటాక ఎండ గుండ్రటి గోడ మీదికి దిగింది. పలకలుగా ఉన్న గోడ మీద ఎండ ఒక్కసారిగా పడి ఒక్కసారిగా పోతుంది. గుండ్రటి గోడ మీద అలా కాదు, ఒక అంచున నీడ మొదలై మెల్లగా వంపు వెంట పాకుతుంది. ఆ నీడ కదిలినకొద్దీ కప్పు వంపూ, గోడ వంపూ ఎక్కడ కలుస్తున్నాయో తెలిసింది. మధ్యాహ్నం అదే చోట నిలబడితే నాకు తెల్లటి సున్నపు గోడ తప్ప ఇంకేమీ కనపడలేదు.

అన్నయ్య ఎండ పడ్డ చోటు చూపిస్తూ, "నడిమధ్యన పడలేదేంది?" అని అడిగాడు. చలికాలంలో పొద్దు నైరుతి వైపు కుంగుతుంది, కాబట్టి వెలుగు వంపుకు దక్షిణం పక్కన ఎక్కువ పడుతుంది. వేసవిలో ఉత్తరం పక్కకు జరుగుతుంది. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి 20, సెప్టెంబరు 22 ప్రాంతాల్లో పొద్దు సరిగ్గా పడమటనే కుంగుతుంది, అప్పుడు చూడాలి. మార్చికి అన్నయ్యకు మిరప అమ్మకాలు తెమలవు, కాబట్టి సెప్టెంబరుకు రమ్మన్నాడు. ఆ నెలలో మబ్బు పడితే మర్నాడు కూడా ఉండేలా వస్తానని పూజారిగారికి చెప్పి బయల్దేరాం.