ఒక్క యక్షరము

బాల్యమున నేను మన్యపు కొండల నడుమనున్న యొక పాఠశాలలో చదివితిని. నా ప్రక్కన కూర్చుండు మిత్రుడు చదువునందు చురుకైనవాడు; ఆటల వేళ మాత్రము చెట్టునీడను చేరి, మోకాళ్లు పట్టుకొని కూర్చుండెడివాడు. మేమందరము వానిని సోమరియని గేలిచేసితిమి. ఒకనాడు వాన వెలిసిన పిదప నేను వానిని బలవంతముగ పరుగుపందెమునకు లాగితిని. పది యంగలు వేయకమునుపే వాడు కూలబడి, యెముకలు నలుగగొట్టినట్లున్నవని యేడ్చెను. మరునాటినుండి బడికి రాలేదు.

కాలక్రమమున నే నుపాధ్యాయుడనైతిని. 2023లో కేంద్రప్రభుత్వము సికిల్ సెల్ వ్యాధి నిర్మూలనోద్యమమును ప్రారంభించిన పిమ్మట, మా పాఠశాలలోను పిల్లల రక్తమును పరీక్షించిరి. ఆనాడు వైద్యురాలు నల్లబల్లపై “పలక నలుపు కలము ఎరుపు” అని వ్రాసి, యిట్లు వివరించెను.

మన కణములలో జన్యువులను గ్రంథము కలదు. దాని లిపి నాలుగే యక్షరములు. మూడక్షరములు చేరిన నొక మాట. ఒక్కొక్క మాట యొక్కొక్క అమైనో ఆమ్లమును సూచించును. ఆ యామ్లములు వరుసగా కూడి మాంసకృత్తు లేర్పడును. ఆ గ్రంథమున కలుగు మార్పులే ఉత్పరివర్తనములు.

అవి పలు తెరగులు. ఒక యక్షరమునకు మారుగ వేరొకటి పడినచో ‘నలుపు’ ‘తలుపు’ కావచ్చును. తక్కిన మాటలు చెడవు. ఒక యక్షరము జారిపోయినను, అదనముగ చేరినను కీడు మిక్కుటము. మొదటి ‘ప’ను తుడిచి, మూడేసి యక్షరములుగ చదివినచో “లకన లుపుక లముఎ రుపు” అగును. ఒక్క మాటకైన నర్థముండదు. అయినను మార్పులన్నియు చేటు కావు. కొన్నిట మాట మారినను ఆమ్లము మారదు.

సికిల్ సెల్ వ్యాధికి మూలము ఒక్క యక్షరపు మార్పే. హీమోగ్లోబినులోని 146 ఆమ్లముల గొలుసునందు ఆరవది గ్లుటామిక్ ఆమ్లము. ఈ రోగులలో దానికి మారుగ వేలీన్ ఉండునని 1957లో వెర్నన్ ఇంగ్రామ్ తెలిపెను. అందువలన గుండ్రని రక్తకణములు కొడవలివలె వంగి, సన్నని నాళములలో చిక్కుకొని, యెముకలలో దుస్సహమైన నొప్పిని కలిగించును. తల్లిదండ్రు లిరువురినుండియు ఈ మార్పు సంక్రమించినవారికే వ్యాధి. ఒక్కరినుండి పొందినవారు సాధారణముగ నారోగ్యవంతులు. పైగా తీవ్రమైన మలేరియానుండి వారికి కొంత రక్షణ కలదు. మలేరియా పీడిత ప్రదేశములలో ఈ మార్పు తరతరములుగ నిలిచియుండుటకు కారణమిదియే.

ఆమె మాటలు వినుచుండగా నా కన్నులయెదుట ఆ చెట్టునీడ మెదలెను.

ఆ పరీక్షలలో మా తరగతి బాలిక యొకతెకు ఈ వ్యాధి కలదని తేలెను. తరచుగ నీరు త్రాగవలెననియు, చలియు నతిశ్రమయు తగవనియు వైద్యురాలు చెప్పెను. ఇప్పుడామె చెట్టుక్రింద కూర్చున్నచో తోటిపిల్లలు నీటిచెంబు తెచ్చి యిత్తురు. ఎవ్వరును నవ్వరు.

నా మిత్రుని బాధకు కారణ మీ వ్యాధియేయని నేను నిశ్చయముగ చెప్పజాలను; ఆనాడు వాని రక్తము నెవ్వరును పరీక్షింపలేదు. కాని నొప్పియని వాడు చెప్పిన మాటను నమ్ముటకు నాకే పరీక్షయు నక్కరలేకుండెను. నేను నమ్మనైతిని.