తాతయ్య బల్ల సొరుగులు

కంసాలి ఇంట్లో ఖాళీ డబ్బా పారేసే అలవాటు ఉండదు. పొడుం డబ్బా, అగ్గిపెట్టె, సూదిమందు అయిపోయాక రబ్బరు మూతతో మిగిలే చిన్న గాజు బుడ్డి, ఫొటో స్టూడియోవాళ్ళు ఊరికే ఇచ్చేసే ఫిల్మ్ రోలు డబ్బీ, అన్నీ మా తాతయ్య పనిగదికే చేరేవి. అమృతాంజనం అయిపోగానే నాయనమ్మ ఆ సీసాని కుంకుడు రసంతో కడిగి, జిడ్డు పోయేదాకా ఎండబెట్టి ఆయన చేతికిచ్చేది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆ మందు తెలుగిళ్ళలో తలనొప్పులకెంత పనికొచ్చిందో, దాని సీసా కంసాలి బల్లల మీద అంత పనికొచ్చింది.

పనిగది వీధరుగుని ఆనుకుని ఉండేది. నేల మీద కుంపటి, చెక్క మొద్దులో దిగేసిన దాగలి, వాటి ముందు సొరుగులున్న పొట్టి బల్ల, వెనక గోడలో గూళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇరుకనిపించేది. కూర్చున్న తాతయ్య మాత్రం లేవకుండా చెయ్యి చాపితే అన్నీ అందేవి. పట్టుకార్లు, శ్రావణాలు, ఆకురాళ్ళు చిల్లులు పొడిచిన చెక్కలో వరసగా గుచ్చి కుడివైపు ఉండేవి. ఊదుగొట్టం, వెలిగారం ఎడమవైపు. తీగ లాగే కమ్మచ్చు గూట్లో. వెలిగారానికి గాలి తగిలితే పైన తెల్లగా పిండి పడుతుంది, అందుకని దానికి రబ్బరు మూత బుడ్డి. ఒక చేత్తో ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని మంట మీదినుంచి చూపు తిప్పకుండా, రెండో చేత్తో కావలసిన డబ్బీ తీసుకునేవాడు.

అలా చూడకుండా తీయగలగటానికి కారణం మూతల మీద ఉండేది. ఏ డబ్బీ మీదా పేరు రాసేవాడు కాదు. ఆకురాయితో గీతలు కోసేవాడు. టంకం ముక్కల డబ్బీలు మూడు. ఒక గీత ఉన్నదాంట్లో ఎక్కువ వేడికి కరిగే టంకం. రెండు గీతలదాంట్లో అంతకంటే తక్కువ వేడికి, మూడు గీతలదాంట్లో ఇంకా తక్కువ వేడికి కరిగేవి. నగలో మొదటి అతుకు ఒక గీత టంకంతో వేస్తే, తరవాతి అతుకులు మిగతావాటితో వెయ్యాలి. వరస తప్పితే రెండో అతుకు వేసేటప్పుడు మొదటిది జారిపోతుంది. నూకల్లా తరిగిన ఆ ముక్కలు మూడు డబ్బీల్లోనూ చూడటానికి ఒక్కలాగే ఉండేవి. బొటనవేలు మూత మీద ఇలా ఒకసారి రాసి, తీసేవాడు. నాకు ఆ బొటనవేలు ఇప్పటికీ కళ్ళకి కడుతుంది.

రాళ్ళు పొట్లాల్లో ఉండేవి. ఆ పొట్లం మడత వేరు. కాగితాన్ని నిలువుగా మూడు మడతలు వేసి, రెండు కొసలూ లోపలికి తిప్పి, ఒకదాని అంచు ఇంకోదాంట్లోకి దోపటం. గమ్ము లేదు, దారం లేదు. తలకిందులు చేసినా ఆవగింజంత రాయి కూడా జారేది కాదు. తెల్లరాళ్ళకి లోపల నీలం కాగితం వేసేవాడు, రాయి కంటికి ఆనుతుందని. పొట్లం విప్పాక చేత్తో ముట్టుకునేవాడు కాదు. కొసన మైనం ముద్ద పెట్టిన పుల్లతో అద్ది తీసి, నగలోని గూడులో కూర్చోబెట్టేవాడు.

పాత నగ కరిగించటానికి తెచ్చినవాళ్ళుంటే, ఊడదీసిన కెంపులూ పచ్చలూ వాళ్ళ ఎదుటే లెక్కపెట్టి, వాళ్ళ ఎదుటే పొట్లం కట్టి, వాళ్ళకి తెలిసేలా ఒక గుర్తు వేసేవాడు. కొత్త నగలో పట్టక మిగిలిన రాళ్ళు అదే పొట్లంలో తిరిగి వెళ్ళేవి. రెండిళ్ళ సొత్తు ఎప్పుడూ ఒకే సొరుగులో ఉండనిచ్చేవాడు కాదు. ఆ గదిలో సర్దుడంతా శుభ్రత కోసమని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. అదంతా ఊరివాళ్ళ బంగారానికి పూచీ పడటానికేనని పెద్దయ్యాక అర్థమైంది.

త్రాసు పెట్టె సంగతి వేరే చెప్పాలి. ఒకే కొయ్యని తొలిచి, తట్టలకీ దండెకీ తూనికరాళ్ళకీ దేని గుంట దానికి చేసిన పెట్టె. దాంట్లో ఒక ఇత్తడి డబ్బీ నిండా గురివింద గింజలు. పాత లెక్కన తొంభై ఆరు గురివిందలు తులం. తులం 11.66 గ్రాములు కాబట్టి గింజ బరువు దాదాపు 0.12 గ్రాము. అన్ని గింజలూ ఒక్క బరువుండవు. చేటలో పోసుకుని, ముడత పడ్డవీ పుచ్చువీ తీసేసి, ఒకదానికొకటి తూచి, సరిపోయినవే డబ్బీలో వేసేవాడు. గట్టి పైపెంకు ఉన్నందువల్ల అవి ఏళ్ళ తరబడి అలాగే ఉండేవి. గింజ నమిలితే విషమని నాయనమ్మ పిల్లల్ని ఆ పెట్టె దగ్గరికి రానిచ్చేది కాదు.

1956 తూనికల చట్టంతో గ్రాములొచ్చాయి. తాతయ్య ఇత్తడి గ్రాము రాళ్ళూ, కాగితమంత పల్చటి మిల్లీగ్రాము రేకులూ కొన్నాడు. రేకుకి ఒక మూల పైకి వంచి ఉంటుంది, పట్టుకారుతో తీసుకోవటానికి. అవీ గురివిందలూ ఒకే పెట్టెలో పక్కపక్కన ఉండేవి. వచ్చినవాళ్ళు తులాల్లో అడిగేవారు, ఆయన గ్రాముల్లో తూచేవాడు.

రజను ఎంత జాగ్రత్తగా పోగుచేసేవాడో చెప్తే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఆకురాయితో రాస్తున్నప్పుడు ఒళ్ళో తోలు పరుచుకునేవాడు. రాలిన పొడిలో ఆకురాయి ఇనుప రజను కలుస్తుంది గనక, పాడైన రేడియో స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి దాని మీద తిప్పేవాడు. ఇనుము పోగా మిగిలింది ఫిల్మ్ డబ్బీలోకి. చేతులు కడిగిన నీళ్ళకి వేరే తొట్టి, అడుగున పేరుకున్న మడ్డి తీసి దాచేవాడు. ఊడ్చిన దుమ్ము, పగిలిన మూసలు, కుంపటి బూడిద కూడా కుండలోకే వెళ్ళేవి. ఆ దుమ్ము కొనుక్కుని కడిగి బంగారం తీసుకునేవాళ్ళు వీధిలో కేకేసుకుంటూ వచ్చేవారు. ఆ కేకా పోయింది.

ఈ సొరుగులన్నీ ఒకప్పుడు ఖాళీ అయ్యాయట. 1963 జనవరిలో బంగారం నియంత్రణ వచ్చి, 14 కారెట్లకి మించిన నగ చెయ్యకూడదన్నారు. దేశమంతటా కంసాలుల చేతుల్లో పని లేకుండా పోయింది, ప్రాణాలు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. మా బంధువుల్లో కొందరు బందరు దగ్గర చిలకలపూడికి రోల్డ్‌గోల్డు పనికి వెళ్ళారు. తాతయ్య మట్టెలూ పట్టీలూ చేస్తూ ఇల్లు గడిపాడని నాయనమ్మ చెప్పేది. 14 కారెట్ల నిబంధన మూడేళ్ళకి సడలింది గానీ, 1968లో నియంత్రణ చట్టమే అయింది, 1990లో గానీ రద్దు కాలేదు. ఒక తరం పిల్లలు ఆ మధ్యలో బల్ల దగ్గర కూర్చోవటం మానేశారు. యంత్రాలూ, పెద్ద షోరూములూ మా పనిని మింగేశాయని అందరూ అంటారు. అంతకుముందే నేర్చుకునేవాళ్ళు కరువయ్యారని నేనంటాను.

ఇప్పుడు నగలకి హాల్‌మార్కు ఉంది, 2021 నుంచి తప్పనిసరి చేస్తూ వచ్చారు. కొనేవాళ్ళకి అది మేలే. ఎలక్ట్రానిక్ త్రాసు గురివిందకంటే ఎన్నో రెట్లు నమ్మదగ్గది, అందులో వాదన లేదు. రాళ్ళు జిప్ కవర్లలో పైకి కనిపిస్తూ ఉంటాయి. నా బాధల్లా ఒకటే. తాతయ్య పోయాక దాగలి తూకానికి వెళ్ళింది, బల్ల పొయ్యిలోకి వెళ్ళింది, గీతలున్న డబ్బీలు ఇల్లు సర్దినవాళ్ళకి అర్థంకాక పాత సామాన్లలో కలిసిపోయాయి. మూడు గీతలంటే ఏమిటో ఎవరూ రాసిపెట్టలేదు.

మీ ఇంట్లో గానీ, మీ ఎరికలో గానీ అలాంటి పెట్టె ఇంకా ఉంటే, అమ్మే ముందు ఆ పని చేసినవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ సొరుగులో ఏముండేదో, అక్కడే ఎందుకుండేదో, ఏ గుర్తుకి అర్థమేమిటో అడిగి రాసుకోండి. ఫోనులో ఫొటో తీస్తే దాని కింద వాళ్ళు చెప్పిన మాట కూడా రాయండి. గురివిందలతో తూచినవాళ్ళు ఇంకా కొందరున్నారు. వాళ్ళకిప్పుడు ఎనభై దాటింది.