మహాబలిపురంలో ఒక యుద్ధం

పిల్లలూ! ఒక దుర్మార్గుడు లోకాన్ని నాశనం చేయబోవటమూ, గొప్ప శక్తులు గల వీరులందరూ కూడి వాణ్ణి అడ్డుకోవటమూ మీరు సినిమాలలో చూస్తూనే ఉంటారు. అటువంటి కథ ఒకటి సుమారు పదమూడు వందల ఏళ్ళ క్రితమే రాతిలో చెక్కి ఉన్నది. దానిని చూడాలంటే మహాబలిపురం వెళ్ళాలి.

ఈ ఊరు చెన్నైకి దక్షిణంగా, దాదాపు 55 కిలోమీటర్ల దూరాన, సముద్రపు ఒడ్డున ఉన్నది. ఏడవ శతాబ్దంలో పల్లవ రాజులకు ఇది రేవుపట్నం. 1984లో యునెస్కో ఇక్కడి కట్టడాలను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. గుట్ట ఎక్కి దీపస్తంభం దాపుకు వెళితే, కొండను తొలిచి చేసిన మంటపం కనిపిస్తుంది. అదే మహిషాసురమర్దిని గుహ.

మహిషుడి కథ మార్కండేయ పురాణంలో ఉన్నది. వాడు ఇంద్రుణ్ణి స్వర్గం నుంచి తరిమి, ముల్లోకాలనూ గడగడలాడించాడు. అప్పుడు దేవతలందరి తేజస్సూ ఒక్కచోట చేరి దుర్గాదేవి అయిందట. ఒక్కొక్కరూ ఆమెకు ఒక్కొక్క కానుక ఇచ్చారు. వాయువు విల్లూ అమ్ములూ ఇచ్చాడు. వరుణుడు శంఖం, కాలుడు కత్తి, ఇంద్రుడు ఐరావతం గంట, హిమవంతుడు సింహం ఇచ్చారు.

ఇప్పుడు గుహలో ఉత్తరపు గోడ చూడండి. ఎనిమిది చేతుల దేవి సింహమెక్కి ముందుకు వస్తున్నది. విల్లు, కత్తి, శంఖం, గంట పోల్చుకోవచ్చు. ఎదుట మహిషుడు నిలబడ్డాడు. మనిషి ఒళ్ళు, దున్నపోతు తల, నెత్తిన కిరీటం, చేతుల్లో గద! వాడింకా ఓడలేదు. కాని ఆ పెద్ద ఒళ్ళు అప్పుడే వెనక్కు వాలింది. దేవి ముందుకు, వాడు వెనక్కు! యుద్ధం ఎటు తిరుగుతున్నదో శిల్పి ఆ వాలులోనే చెప్పాడు.

మరి వాయువు ఎక్కడ? ఇంద్రుడు ఎక్కడ? ఈ యుద్ధంలో వారు కనిపించరు. వారిచ్చినవే కనిపిస్తాయి. విల్లు ఇచ్చినవాడు, "బాణం నేనే వేస్తాను" అని పట్టుబట్టలేదు. పదిమంది కలిసి ఒక పని చేయటమంటే ఇదే. తన దగ్గర ఉన్న మేలైనదానిని పనికోసం ఇచ్చి, పేరు ఎవరికి వచ్చినా సంతోషించాలి.

మీరు వెళ్ళినప్పుడు శిల్పాన్ని చేత్తో తడమకండి. వేలమంది తడిమితే రాయి కూడా అరుగుతుంది. కళ్ళతోనే చూసి, ఏ వస్తువు ఎవరిచ్చారో మీ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చెప్పండి.